తలుపు సెట్టు, కిటికీ సెట్టు, బిల్డింగ్ సెట్టు

మా మనవడికి పెళ్ళయింది, నడినెత్తిన జుట్టు పలచబడుతోంది, అయినా ఇంకా బొమ్మల పెట్టెలు కొంటూనే ఉన్నాడు. బొమ్మలంటే ఏనుగులూ గుర్రాలూ కావు. వరసగా చిల్లులున్న ఇనప పట్టీలు, బుల్లి బోల్టులు, నట్లు, చక్రాలు, అన్నీ కలిపి ఒక అట్టపెట్టెలో ఉంటాయి. బిగించుకుంటూ పోతే క్రేనో, వంతెనో, లారీయో తయారవుతుంది. ఇలాంటి పాత సెట్లు పోగుచేసేవాళ్ళు దేశమంతా ఉన్నారట. వాళ్ళకో గుంపు, ఆ గుంపుకి ఫోనులో రోజంతా కబుర్లు. ఎవరికి ఏ సెట్టు ఎంత చవగ్గా దొరికిందన్నదే వాళ్ళ గొప్ప.

పోయిన ఆదివారం వాడు కారేసుకుని జగ్గయ్యపేట వెళ్ళి, సాయంత్రానికి ఒక పెట్టె తెచ్చి నా మంచం మీద పెట్టాడు.

"మీ ఊళ్ళో దొరికింది అమ్మమ్మా. ఏదో పాత ఇల్లు పడగొడుతుంటే అటక మీద సామానంతా వీధిలో పడేశారు. ఎంతకిచ్చాడో చెప్తే నమ్మవు. రెండు ప్లేట్ల ఇడ్లీ ఖరీదు!"

"పాపం, వాడికి తెలీదు కాబోలు" అన్నాను.

"తెలీకపోవడమే కదా మనక్కావాల్సింది" అని నవ్వాడు. "ఇంకో విచిత్రం విను. పాత సెట్టు కావాలంటే జగ్గయ్యపేట వెళ్ళమంటారు మా వాళ్ళు. హైదరాబాదులో కూడా దొరకని పెట్టెలు అక్కడి అటకల మీద దొరుకుతాయి. ఆ చిన్న ఊళ్ళో అన్ని సెట్లు ఎవరు కొన్నారో ఎవ్వరికీ అర్థం కాదు. పైగా ప్రతి పెట్టెకీ మూల ఈ మరక. తుప్పో ఏమిటో, స్పిరిట్‌తో తుడవాలి."

నేను కళ్ళజోడు పెట్టుకుని చూశాను. అది తుప్పు కాదు. పసుపు. పెట్టిన వేలు ఎవరిదో కూడా నాకు తెలుసు. తుడవొద్దని చెప్పి, ఎందుకు తుడవకూడదో చెప్పడం మొదలుపెట్టాను. వాడు సగం విన్నాక ఫోను మోగింది, లేచి వెళ్ళిపోయాడు. సగంలో ఆపిన కథ కడుపులో పెట్టుకుని పడుకునే వయసు కాదు నాది. అందుకని మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

మాది ఇనప కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు, మధ్యలో ఒక గడప. గడపకి ఇటువైపు పోపులో ఇంగువ వాసన, పెరట్లో ఆరేసిన వడియాల వాసన. అటువైపు కొత్త మేకుల మీది నూనె వాసన, గోనెసంచుల వాసన, రంగు డబ్బాల వాసన. పారలు, గునపాలు, గమేళాలు, బావి గొలుసులు, తలుపు బందులు, గడియలు, గొళ్ళాలు. కొట్టులో కూర్చుంటే బజారంతా కనబడేది. ఇంట్లో కూర్చుంటే బజారు చప్పుడు మాత్రం వినబడేది. మా ఆడవాళ్ళు ఆ చప్పుడుతోనే బతికారు. అమ్మగానీ నాయనమ్మగానీ ఆ గడప దాటి కొట్లోకి రావడం నేను చూడలేదు. పిల్లను కాబట్టి నేను రెండు వైపులా తిరిగేదాన్ని. ఇంట్లోంచి కొట్లోకి మజ్జిగ, కొట్లోంచి ఇంట్లోకి కబుర్లు మోసేది నేనే.

కొట్టుకి యజమాని మా తాతయ్య. తక్కువ మాట్లాడేవాడు, మాట్లాడితే వెనక్కి తీసుకునేవాడు కాదు. మా నాన్న పెద్దకొడుకు, గల్లాపెట్టె దగ్గర తాతయ్య పక్కన కూర్చునేవాడు. బాబాయి చిన్నకొడుకు, ఇంకా పెళ్ళి కాలేదు, కాటా దగ్గర మేకులు తూచేవాడు. "ఏరా చిన్నాడా, కిలో మేకులు తుయ్యి" అనడమే తప్ప, ఏ సరుకు తేవాలి, ఎంతకి తేవాలి అని ఎవరూ బాబాయిని అడిగేవారు కాదు. ఒక్కసారి తనని బెజవాడ పంపితే సరుకు కొనడమంటే ఏంటో చూపిస్తానని బాబాయి నాతో అనేవాడు. నాతోనే ఎందుకంటే, వినేదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి.

తాతయ్యకి బోణీ అంటే ప్రాణం. పొద్దున్నే కొట్టు తలుపు చెక్కలు ఒక్కొక్కటీ తీసి, మెట్ల మీద నీళ్ళు చల్లి, గల్లాపెట్టెకి సాంబ్రాణి పొగ చూపించి, ఆ తర్వాత ఎవరొస్తే వాళ్ళే లక్ష్మి. మొదట వచ్చిన మనిషి ఉత్త చేతులతో తిరిగి వెళ్ళకూడదు. ఎంతకి అడిగినా కాదనకూడదు. ఇది మా తాతయ్య ఒక్కడి పట్టింపు కాదు, ఆ బజారులో అందరిదీ. తాతయ్యది మాత్రం మరీ గట్టి పట్టింపు. ఒకసారి ఎవరో తాగుబోతు పొద్దున్నే వచ్చి కొత్త పారని అర్ధణాకి అడిగితే, మారుమాట్లాడకుండా ఇచ్చి పంపించాడు. నాన్న గొణిగితే, "నేనిచ్చింది వాడిక్కాదురా" అన్నాడు.

ఈ పట్టింపుని పిల్లలం మేము వదులుతామా? పక్కనున్న పచారీ కొట్టు తెరిచే వేళకి మాలో అందరికన్నా చిన్నదాని చేతిలో ఒక కానీ డబ్బు పెట్టి పంపేవాళ్ళం, బెల్లం అచ్చు అడగమని. పచారీ తాత పళ్ళు కొరుక్కుంటూ ఇచ్చేవాడు. నాలుగోసారో ఐదోసారో తెలివి తెచ్చుకుని, తన కోడలికే డబ్బులిచ్చి దొడ్డిదారిన పంపి బోణీ చేయించుకోవడం మొదలుపెట్టాడు. మా బెల్లం వ్యాపారం అంతటితో సరి.

అప్పట్లో ఊరి బయట సిమెంటు ఫ్యాక్టరీ వాళ్ళు ఉద్యోగస్థులకి క్వార్టర్లు కడుతున్నారు. వాటి మేస్త్రీ మా కొట్టుకి వచ్చి, తలుపు సెట్లు, కిటికీ సెట్లు ఎన్ని ఉంటే అన్నీ కావాలన్నాడు. ఒక తలుపుకి కావలసిన బందులు, గడియ, గొళ్ళెం, పిడి, మరలు అన్నీ కలిపి మూట కడితే దాన్ని తలుపు సెట్టు అనేవాళ్ళం. కిటికీకైతే కిటికీ సెట్టు. మా ఇంట్లో సెట్టు అనే మాటకి అంతకు మించి అర్థం లేదు. సరిగ్గా ఆ సమయానికే నాన్న జ్వరంతో మంచం ఎక్కాడు. తాతయ్యకి మోకాళ్ళ నొప్పులు. వేరే దారి లేక, నడుముకి కట్టుకునే డబ్బుల గుడ్డసంచి బాబాయికిచ్చి బెజవాడ పంపించాడు.

ఆ పొద్దున బాబాయి మొహం నాకు ఇంకా గుర్తే. తల దువ్వుకుని, చొక్కా గుండీ మెడ దాకా పెట్టుకుని, పెళ్ళికొడుకులాగా వెళ్ళాడు.

మర్నాడు సాయంత్రం లారీ మీద రెండు పెద్ద చెక్కపెట్టెలతో దిగాడు. ఇంకా కిందకి దిగకుండానే అరిచాడు.

"నాన్నా! తలుపు సెట్లు కాదు, కిటికీ సెట్లు కాదు. బిల్డింగ్ సెట్లు! మొత్తం బిల్డింగ్‌కి సరిపడా! ఎవరూ విడిపించుకోని సరుకంట, పార్సిలాఫీసులో వేలంపాట పెట్టారు. ఇంత చవగ్గా ఈ జన్మలో దొరకదు!"

"లోపల చూశావా?" అన్నాడు తాతయ్య.

"పెట్టె విప్పకుండానే పాడాలంటండీ. నేను కదిపి చూసాగా. గలగలమని బోల్టుల చప్పుడు. బరువు కూడా బాగానే ఉంది. పైన రాసే ఉంది చూడండి, బిల్డింగ్ సెట్లని."

ఎదురు కొట్ల వాళ్ళు కూడా చూడటానికి వచ్చారు. జ్వరంలో ఉన్న నాన్న దుప్పటి కప్పుకుని వచ్చి గోడకి చేరబడ్డాడు. తాతయ్య గునపంతో పెట్టె మూత లేపాడు. పైన ఎండు గడ్డి, దాని కింద వరసగా అట్టపెట్టెలు. ప్రతి అట్టపెట్టె మీదా ఎర్రటి బుగ్గల దొరబిడ్డ ఒకడు క్రేను పక్కన నిలబడి నవ్వుతున్నాడు. తాతయ్య ఒక పెట్టె తెరిచాడు. వేలెడంత ఇనప పట్టీ, దానికి చిల్లులు. దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని వెలుతురులోకి ఎత్తాడు.

"ఏ తలుపుకి రా ఇది? పిచ్చిక గూటికా?"

బజారంతా ఘొల్లుమంది. బాబాయి చెవులు ఎర్రబడ్డాయి. ఒక్కొక్క పెట్టే తీసి, తెరిచి, మూసి, మళ్ళీ ఇంకొకటి తెరిచి, ఎక్కడో అడుగున ఒక్క గడియైనా ఉంటుందన్నట్టు గడ్డి అంతా తిరగేశాడు. చీకటి పడేదాకా వెతుకుతూనే ఉన్నాడు. అందరూ వెళ్ళిపోయాక నాయనమ్మ గడప ఇవతల నిలబడి, "చాల్లేరా నాన్నా, అన్నానికి రా" అని పిలిచింది.

తెచ్చినదానితో మేస్త్రీ అవసరం తీరలేదు. మేస్త్రీ వేరే కొట్టుకి వెళ్ళాడు. ఆ బేరంతో పాటు ఆ తర్వాత రావలసిన బేరాలన్నీ అటే వెళ్ళాయి. మర్నాటికల్లా మా బాబాయికి కొత్త పేరొచ్చింది, బిల్డింగ్ శెట్టి అని. ఆ పేరు బాబాయికన్నా ముందే బస్సెక్కి నందిగామ చేరింది. అక్కడ మా అత్తయ్యనిచ్చిన ఇల్లు ఉంది. అత్తయ్య మామగారు వీధరుగు మీద కూర్చుని వచ్చేపోయే వాళ్ళకి ఈ కథ చెప్పి నవ్వారని తెలిసి, నాయనమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు.

సెట్లు అలాగే అమ్ముదామని తాతయ్య కొన్నాళ్ళు చూశాడు. ఆ రోజుల్లో పేటలో పిల్లలకి బొమ్మ కొనడమంటే తిరునాళ్ళలో పీకో, లక్క పిడతలో కొనడం. పెట్టెడు ఇనప ముక్కలు కొని పిల్లాడికి ఇచ్చేదెవరు? కోదాడ వైపు నుంచి వచ్చే లారీ డ్రైవరు ఒకడు చూసి, "ఏం శెట్టిగారూ, అగ్గువకిస్తరా? ఆ బోల్టులొక్కటి తీసి ఇయ్యుండ్రి, గవి నా పాటల డబ్బాకు పనికొస్తయ్" అన్నాడు. తాతయ్యకి అక్కడ తట్టింది. బోల్టులు కుట్టుమిషన్ల వాడికి, రేడియోలు బాగుచేసే వాడికి. చక్రాలు పిల్లల తోపుడు బళ్ళకి. పట్టీలు పటాలు వేలాడదియ్యడానికి. విడగొట్టి డబ్బాల్లో పోస్తే అదీ ఒక సరుకే.

"వద్దు నాన్నా" అన్నాడు బాబాయి. తాతయ్య మాటకి బాబాయి ఎదురు చెప్పడం అదే మొదలు. "ఒక్క మర తీసినా అది సెట్టు కాదింక."

"తలుపు సెట్టులో గడియ విడిగా అడిగితే మనం ఇవ్వట్లా?"

"గడియ ఒక్కటే ఉన్నా తలుపేసుకోవచ్చు. ఇందులో ముక్క ఒక్కటే ఉంటే దేనికీ పనికిరాదు నాన్నా."

తాతయ్య పెట్టె మూత మూశాడు. తర్వాత చెప్పేశాడు. శ్రావణ మాసం రాగానే బాబాయి నందిగామ వెళ్ళాలి. బావ కొట్టులో గుమాస్తాగా ఉండి బేరమంటే ఏమిటో నేర్చుకోవాలి. వెళ్ళేలోపు ఈ సెట్లన్నీ విప్పి డబ్బాల్లో పోసి వెళ్ళాలి. "కొన్నది నువ్వు. విప్పేది కూడా నువ్వే."

అందులో ఉన్న అవమానం ఇప్పటివాళ్ళకి చెప్తే అర్థం కాదు. ఆడపిల్లనిచ్చిన ఇంట్లో ఒక పూట కంటే ఎక్కువ భోంచెయ్యడానికే మొహమాటపడేవాళ్ళు. అలాంటిది కొడుకే వెళ్ళి అల్లుడి కింద జీతానికి నిలబడటం! అక్కడ అత్తయ్య ఎవరి వైపు మాట్లాడాలి? రేపు బాబాయికి పిల్లనెవరిస్తారు? అన్నిటికన్నా, ఒకసారి అలా వెళ్ళినవాడు ఇంక ఈ కొట్టుకి కొడుకుగా తిరిగిరాడు. మా అమ్మ వంటింట్లో ఈ మాటలన్నీ గుసగుసగా అంటుంటే నేను విన్నాను. నాయనమ్మ మాత్రం బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఏరుతూ, రాళ్ళు లేని బియ్యాన్ని కూడా మళ్ళీ ఏరింది.

ఆ మధ్యాహ్నం తాతయ్య పీట మీద కూర్చున్నప్పుడు, కందిపొడిలో నెయ్యి వేస్తూ నాయనమ్మ అడిగింది.

"ఏవండీ, చిన్నాడు అల్లుడి గుమ్మంలో చెయ్యి కడుక్కుంటాడాండీ?"

"కొట్టు సంగతి కొట్లో మాట్లాడాలి. ఇంట్లో కాదు" అన్నాడు తాతయ్య. "పప్పు వెయ్యి."

ఆమె పప్పు వేసింది.

ఆషాఢమంతా ఉక్కపోత. మధ్యాహ్నం తాతయ్య కునుకు తీసేటప్పుడు బాబాయీ నేనూ అటకెక్కేవాళ్ళం. ఒక పెట్టె తెరిచి క్రేను కట్టేవాళ్ళం. కాగితం మీద బొమ్మ చూసి బాబాయి బిగించేవాడు, నేను నట్లు అరచేతిలో పట్టుకుని ఒక్కొక్కటీ అందించేదాన్ని. ఒక నట్టుని నా గుడ్డబొమ్మ కాలికి మెట్టెగా పెట్టి మూడు రోజులు దాచేశాను కూడా. చివరికి క్రేను లేచింది. దారం చుట్టిన చక్రం తిప్పితే కొక్కెం కిందకి దిగి, నాయనమ్మ వక్కల డబ్బాని అటక మీదకి లేపింది. కింద నాయనమ్మ తల పైకెత్తి చూసింది. "ఓరి నీ తెలివి తగలెయ్యా" అని నోటి మీద చెయ్యి వేసుకుని నవ్వింది. చాలా రోజుల తర్వాత ఆమె నవ్వడం అప్పుడే.

"చూడవే, ఎక్కడా దెబ్బ లేదు, అతుకు లేదు. విప్పితే మళ్ళీ కొత్తదే" అన్నాడు బాబాయి క్రేను విప్పుతూ. తర్వాత ఎందుకో చేతులాగిపోయాయి. "నేను మోసపోలేదే అమ్మడూ. మంచి సరుకే కొన్నా. ఇక్కడికి పనికొచ్చే సరుకు కాదంతే" అన్నాడు. మొహం అటు తిప్పుకున్నాడు గానీ భుజాలు కదులుతున్నాయి. పెద్దవాళ్ళు ఏడుస్తారని నాకు అంతకుముందు తెలీదు. భయమేసి, చేతిలో ఉన్న నట్లన్నీ గుప్పిట బిగించుకుని కూర్చున్నాను. వాటి అచ్చులు అరచేతిలో చాలాసేపు ఉన్నాయి.

విప్పవలసిన రోజు రానే వచ్చింది. ముందురోజు సాయంత్రమే చెక్కపెట్టెలు అటక దించి కొట్టు మధ్యలో పెట్టారు. పక్కన ఖాళీ డబ్బాలు వరసగా పేర్చారు. పొద్దున నేను లేచేసరికి నాయనమ్మ తలస్నానం చేసి, పెట్టెలోంచి పెద్దంచు పట్టుచీర తీసి కట్టుకుంది. ఏ పండగా కాదే అనుకున్నాను. కొంగున ఏదో ముడి వేసుకుంది. నా చెయ్యి పట్టుకుంది.

"గుడికా?" అని అడిగాను.

"రా" అంది.

పెరటి తలుపు తీసి, సందులోంచి నడిచి, మూల తిరిగి బజార్లోకి వచ్చాం. ఆ వేళకి బజారు ఇంకా సరిగ్గా తెరుచుకోలేదు. నీళ్ళు చల్లేవాళ్ళు చల్లుతూనే ఆగిపోయారు. పచారీ తాత చీపురు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నాయనమ్మ అరచెయ్యి చెమటతో తడిసిపోయి ఉంది. నా వేళ్ళు జారిపోతుంటే ఇంకా గట్టిగా పట్టుకుంది. మా కొట్టు ముందుకి వచ్చేసరికి, చిల్లకల్లు నుంచి వచ్చిన రైతొకాయన పారలు కొనడానికి మొదటి మెట్టు మీద కాలు పెట్టబోతున్నాడు.

"అన్నయ్యా, ఒక్క నిమిషం ఆగండి. బోణీ నేను చేసుకుంటా" అంది నాయనమ్మ.

ఆయన ఆమెని చూసి, కొట్టులో తాతయ్యని చూసి, కాలు వెనక్కి తీసుకున్నాడు.

తాతయ్య చేతిలో సాంబ్రాణి గిన్నె ఉంది. కాటా పక్కన బాబాయి స్క్రూ డ్రైవరు పట్టుకుని, మొదటి పెట్టె ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. నాయనమ్మ మెట్లెక్కలేదు. కొనుక్కునేవాళ్ళు నిలబడే చోటే నిలబడి, గొంతు సవరించుకుంది.

"శెట్టిగారూ, బోణీ అయిందాండీ?"

ఊళ్ళో వాళ్ళందరూ తాతయ్యని పిలిచే పిలుపే అది. కానీ ఆ నోటి నుంచి వచ్చేసరికి నాన్న గల్లాపెట్టె దగ్గర్నించి దిగ్గున లేచాడు.

"అమ్మా, ఏంటిది? అందరూ చూస్తన్నారు. లోపలికి పద."

"నువ్వుండరా" అన్నాడు తాతయ్య. సాంబ్రాణి గిన్నె కింద పెట్టాడు. పైపంచ సర్దుకున్నాడు. "ఇంకా అవలేదమ్మా. రండి. ఏం కావాలి?"

"మీ దగ్గర బిల్డింగ్ సెట్లు ఉన్నాయంటగా."

"ఉన్నాయి."

"అన్నీ నాకు కావాలి."

"ఎంతకి అడుగుతారు?"

ఆమె కొంగు ముడి విప్పింది. అందులో రూపాయి బిళ్ళ, దేవుడి దగ్గర పెట్టి తెచ్చిందేమో, పసుపంటి ఉంది. "ఇదుగోండి" అంది.

ఎవరో కిసుక్కున నవ్వబోయి మానేశారు. తాతయ్య ఆ బిళ్ళ వైపు చూశాడు. కాదంటే ఇన్నేళ్ళ బోణీ పట్టింపు అబద్ధమవుతుంది. ఔనంటే సెట్లు విప్పమని చెప్పిన మాట అబద్ధమవుతుంది. నా చిన్నబుర్రకి కూడా అది తెలిసింది. తాతయ్య రెండు చేతులూ చాచి రూపాయి తీసుకున్నాడు. కళ్ళకద్దుకున్నాడు. గల్లాపెట్టెలో వేశాడు.

"సెట్లు మీవమ్మా" అన్నాడు.

నాయనమ్మ కదల్లేదు. "కొసరు ఇవ్వరా శెట్టిగారూ?" అంది.

కొన్నదాని మీద కొసరు అడగడం ఆడవాళ్ళకి అలవాటే. చిల్లకల్లు రైతు కూడా ముందుకి వంగి విన్నాడు.

"ఏం కావాలి?"

"మీ చిన్నబ్బాయిని నందిగామ పంపిస్తన్నారంటగా. అక్కడికొద్దు. బెజవాడ పంపించండి, సరుక్కి."

"అది కొసరివ్వడానికి సరుకు కాదమ్మా" అన్నాడు తాతయ్య, చాలా మెల్లగా.

"తెలుసండీ. అందుకే అడుగుతున్నా."

అంతవరకూ నిబ్బరంగా ఉన్న మనిషి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు. తుడుచుకుంటే బేరం పోతుందనుకుందేమో. తాతయ్య బాబాయి వైపు తిరిగాడు. బాబాయి తల వంచుకుని ఉన్నాడు. తాతయ్య వెళ్ళి, బాబాయి చేతిలోంచి స్క్రూ డ్రైవరు తీసి గూట్లో పెట్టాడు. తన నడుముకున్న గుడ్డసంచి విప్పి బాబాయి ఒళ్ళో పెట్టాడు.

"రేపు పొద్దున్న బస్సుకి వెళ్ళు. మేస్త్రీ పోయినా వేరే మేస్త్రీలు లేకపోలేదు. తలుపు బందులూ గడియలూ తే" అన్నాడు. మెట్ల దగ్గరికి వచ్చి, "ఏం అన్నయ్యా, పారలేనా?" అని రైతుని లోపలికి పిలిచాడు.

మేము వచ్చిన దారినే ఇంటికి వెళ్ళాం. పెరట్లోకి రాగానే నాయనమ్మ బావి చప్టా మీద కూలబడిపోయి, చెంబెడు నీళ్ళు గటగటా తాగింది.

బాబాయి బెజవాడ వెళ్ళాడు, బందులూ గడియలూ తెచ్చాడు. ప్రతి పెట్టే విప్పించి, ప్రతి బందూ మడిచి చూసి తెచ్చాడు. అక్కడి వాళ్ళు విసుక్కున్నారని తనే చెప్పాడు. ఆ తర్వాత కొన్నేళ్ళకి కొనుగోళ్ళన్నీ బాబాయే చూసేవాడు. పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. బిల్డింగ్ శెట్టి అన్న పేరు మాత్రం పోలేదు, కానీ అందులో నవ్వు పోయింది. కొత్తగా ఇల్లు కట్టేవాళ్ళు "బిల్డింగ్ శెట్టి గారి కొట్టెక్కడ" అని అడుక్కుంటూ వచ్చేవారు.

ఇక సెట్ల సంగతి. వాటిని అమ్మిపెడతానని బాబాయి ఎంతో బతిమాలాడు. నాయనమ్మ ఒప్పుకోలేదు. "బోణీలో తెచ్చుకున్నవి. అమ్మేవి కావు" అంది. శ్రావణ శుక్రవారం పేరంటానికి బజారులో ఉన్న ముత్తయిదువలందర్నీ పిలిచింది. కాళ్ళకి పసుపు రాసి, నానేసిన శనగలు, తాంబూలం, వాటితో పాటు పిల్లలున్న ప్రతి తల్లికీ ఒక బిల్డింగ్ సెట్టు. పెట్టె మూలకి పసుపు వేలితో అద్ది, కొంగు కప్పి, వాయనమిచ్చింది. "శనగలిచ్చారు సరే, ఇనుమెందుకు పిన్నీ?" అని పచారీ తాత కోడలు నవ్వితే, "పిల్లాడికివ్వు, ఇల్లు కడతాడు" అంది. ఆ శుక్రవారాలు అయ్యేసరికి పేటలో ఏ అరుగు మీద చూసినా క్రేన్లూ వంతెనలే. నందిగామలో అత్తయ్యకి కూడా ఒక పెట్టె వెళ్ళింది. వాళ్ళ మామగారు దాంతో ఆడుకుంటూ దొరికిపోయారని తెలిసి, మా ఇంట్లో వారం రోజులు నవ్వుకున్నాం. నాకు మాత్రం ఒక్కటి కూడా రాలేదు. ఏడ్చి గోల చేస్తే, "ఇంట్లో వాళ్ళకి వాయనమివ్వకూడదే" అంది. ఆ కోపం నాకు చాలా రోజులు ఉంది.

కొట్టు ముందుకి నాయనమ్మ వెళ్ళడం అదే మొదలు, అదే ఆఖరు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ మళ్ళీ ఎత్తలేదు. తాతయ్య పోయిన చాలా కాలానికి, నాకూ పిల్లలు పుట్టాక, ఒకరోజు చిక్కుడుకాయలు వలుస్తూ అడిగాను.

"ఆ రోజు కొట్టు ముందు నిలబడితే నీకు భయం వెయ్యలేదా నాయనమ్మా?"

"ఎందుకెయ్యదే? కాదంటారని కాదు, బోణీ కాదనరని నాకు తెలుసు. ఇంటికొచ్చాక ఏమంటారోనని." ఆమె గింజలు పక్కకి తీసింది. "పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన నన్ను రండి అన్నది ఆ ఒక్కసారే" అని నవ్వింది.

"మరి ఇంటికొచ్చాక ఏమన్నారు?"

"మధ్యాహ్నం పీట మీద కూర్చున్నారు. నేను తలెత్తకుండా వడ్డిస్తన్నా. ఎప్పుడు కేకేస్తారా అని. పప్పు కలుపుకున్నారు, మజ్జిగ దాకా వచ్చారు. అప్పుడు నా వంక చూసి, 'నెల్రోజుల నుంచీ చూస్తన్నా. ఇన్నాళ్ళెందుకాగావే?' అన్నారు."

చెప్పి, నాయనమ్మ మళ్ళీ చిక్కుడుకాయలు వలుచుకుంది. నేను మాత్రం చేతిలో కాయ చేతిలోనే పెట్టుకుని ఉండిపోయాను. చెప్పిన మాట వెనక్కి తీసుకోవడం చేతకాక, ఎవరైనా వచ్చి అడ్డుపడితే బావుండునని ఆ మనిషి నెలరోజులుగా లోలోపల ఎదురుచూశాడు. ఆ నెలంతా గోడకి ఇవతల ఆమె బియ్యం ఏరుకుంటూ కూర్చుంది. మధ్యలో ఉన్నది ఒక్క గడప.